తువ్వాల కింద నాలుగంకెలు

మా మిల్లులో పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది ఏటీఎం నెంబర్లు నాకు తెలుసు. గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు గానీ, నిజం.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో నా ఉద్యోగం. లారీలకు చీటీలు రాయడం, పత్తి బేళ్ళ మీద నెంబర్లు వేయించడం నా పని. కూలి డబ్బు బ్యాంకులో పడటం మొదలయ్యాక అడక్కుండానే ఇంకో ఉద్యోగం నెత్తిన పడింది. శనివారం సాయంత్రం కార్డులు పట్టుకుని అందరూ నా వెంట ఏటీఎంకి బయల్దేరేవాళ్ళు. దారి పొడుగునా నేను వాళ్ళకు జాగ్రత్తలు చెప్పేదాన్ని. చెప్పడం నాకు ఇష్టం. మా ఆయన ఈ మాట ఇంకోలా అంటాడు, అది ఇక్కడ అనవసరం.

"ఆ నాలుగంకెలు మీ కడుపులోనే ఉండాల. మొగునికి సెప్పగూడదు, కొడుక్కి సెప్పగూడదు, నాకు గూడా సెప్పగూడదు" అనేదాన్ని. అందరూ బుద్ధిగా తల ఊపేవాళ్ళు. మిషన్ దగ్గరికి పోగానే "నాది నువ్వే నొక్కుమ్మా" అని నెంబరు గట్టిగా చెప్పేవాళ్ళు.

ఒకామె కార్డు వెనకాల తెల్లపట్టీలో సంతకం పెట్టమంటే, సంతకం రాదు గదా అని పిన్ నెంబరు రాసింది. ఇంకొకామె ఇంటి గోడ మీద, పాలవాడి గీతల పక్కనే బొగ్గుతో రాసుకుంది. ఇదేంది అని అడిగితే, "దొంగోడు వస్తే బియ్యం సూస్తాడు గానీ గోడ సదువుకుంటా కూసుంటాడామ్మా" అంది. ఇక పుట్టినరోజు తేదీని నెంబరుగా పెట్టుకోవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆధార్ కార్డులు చేయించిన రోజుల్లో ఎవరికీ తేదీలు తెలియక, వచ్చిన వాళ్ళందరికీ జనవరి ఒకటి వేసేశారు. ఆ లెక్కన సున్నా ఒకటి సున్నా ఒకటి అనేది మా మిల్లుకి ఉమ్మడి ఆస్తి. ఒకరి కార్డు ఒకరు పొరపాటున పట్టుకుపోయినా పని జరిగిపోయేది.

వీళ్ళందరినీ చూసి నవ్వుకునే నాకు, మా నాయన చేతికి కార్డు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

మా నాయన ఎద్దుల దళారి. ఎమ్మిగనూరు ఊరి చివర ఇంట్లో ఆయనా అమ్మా ఉంటారు. చుట్టుపక్కల ఏ సంతలో ఎద్దులు చేతులు మారినా మధ్యలో ఆయన తువ్వాల ఉండేది. ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడి చేతి మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు, ఆ పైన నొక్కే తీరు మారుతుంది. అరచేతిలో గోటితో గీకితే సున్నా. మణికట్టు గట్టిగా నొక్కితే ఈ బేరం వద్దు, లేచి పద అని అర్థం. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ధర ఎంతో ఆ రెండు చేతులకు తప్ప మూడో మనిషికి తెలియదు. నా చిన్నప్పుడు అన్నం తింటూ నాయన నా చెయ్యి పట్టుకుని ఈ లెక్క నేర్పాడు. బడిలో ఎక్కాలు దాని తర్వాత నేర్చుకున్నాను.

అట్లాంటి మనిషి పోయిన ఏడు ఎమ్మిగనూరు జాతరలో తన ఎద్దుల జత తానే అమ్ముకున్నాడు. మంచి ధర వచ్చిందని అమ్మాడు. మళ్ళీ జాతరకు ఇదే డబ్బుతో కోడెల జత కొంటానని మాకందరికీ ముందే చెప్పాడు. ఈ వయసులో మళ్ళీ కోడెలు ఎందుకని నా వాదన. డబ్బు ఇంట్లో ఇనప్పెట్టెలో పెడతానంటే ఒప్పుకోకుండా బ్యాంకులో వేయించింది నేనే, కార్డు ఇప్పించింది నేనే. ఆయనకు చిన్న ఫోను కూడా లేదు కాబట్టి ఖాతాకు నా ఫోన్ నెంబరు ఇచ్చాను.

కొన్నాళ్ళకు ఆయన బస్సెక్కి ఆదోనికి వచ్చాడు. డబ్బు నిజంగా అక్కడ ఉందో లేదో చూడాలట. వెయ్యి రూపాయలు తీసి, చూసి, మళ్ళీ అందులోనే వేసేస్తాడట. మార్కెట్ యార్డు దగ్గర ఏటీఎంకి తీసుకుపోయాను. అద్దం తలుపు ఎప్పుడో ఊడిపోయింది, లైను లోపలి దాకా వచ్చింది. పత్తి తెచ్చిన రైతులు, హమాలీలు, మా వెనకాలే ఆదోని సాయిబు దళారి ఒకాయన ఉన్నారు. ఈయనా మా నాయనా నలభై ఏళ్ళుగా సంతల్లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు. నాయన ఆయన్ని భాయ్ అంటాడు, ఆయన నాయనను అన్నా అంటాడు.

మిషన్ మీద రాతలు గబగబా మారిపోతుంటే నాయనకు అందలేదు. నన్ను నొక్కమన్నాడు.

"నెంబరు ఎంత నాయనా?" అన్నాను, చిన్నగానే.

నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నడి సంతలో ఎద్దు ధర గట్టిగా అరిచినదాన్ని చూసినట్టు చూశాడు. భుజం మీద తువ్వాల తీసి నా ఎడమ చేతి మీద కప్పాడు. దాని కింద నాలుగు సార్లు నా వేళ్ళు పట్టుకున్నాడు. నేను కుడి చేత్తో నాలుగు మీటలు నొక్కాను. కడుపున పుట్టిన వాళ్ళకు కూడా చెప్పవద్దని ఊరందరికీ చెప్పే నేను ఆ నెంబరు అందుకుని మురిసిపోయాను. కెమెరాకి దొరకదు, చెవికి దొరకదు, ఏ దొంగా కనిపెట్టలేడు, మా నాయన తెలివే తెలివి అనుకున్నాను. రెండు అయిదు వందల నోట్లు వచ్చాయి. నాయన వాటిని వెలుతురుకి పెట్టి చూశాడు.

అప్పుడు వెనకనుంచి భాయ్ గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, ఒక మాట. ఆ నెంబరు మార్చుకో."

"ఏమిటికి?" అన్నాడు నాయన.

"ఏడు, ఏడు, సున్నా, నాలుగు."

నాయన తువ్వాల మడత పెడుతున్నవాడు ఆగిపోయాడు.

"అయిదు దాటితే నీ మోచెయ్యి పైకి లేస్తాదన్నా. ఏడైతే ఇంత, ఎనిమిదైతే ఇంత. నాలుగైతే లోపలికి తిప్పుతావు. సున్నా కాడ కుడిభుజం దించుతావు. తువ్వాల కప్పేది సేతికి గదా, మోచేతికి ల్యాదు గదా" అన్నాడు భాయ్. ఎగతాళిగా అనలేదు. మంచికే చెప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెల్సు నీకు?"

"ఎన్నాళ్ళని సెప్పల్ల? మొదట్నించి తెల్సు. నాకే కాదు, సంతలో పాతోళ్ళకంతా తెల్సు. ఏ ధర కాడ ఆగుతావో తెల్సి గూడా నీకు తక్కువ ఇచ్చినామా ఎప్పుడన్నా?"

ఆ రోజు నాకు నిజంగా నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు తువ్వాల కింద దాచిన రహస్యం మోచేతి మీద ఊరేగిందంటే ఎవరికి నవ్వు రాదు? కానీ బస్టాండు దాకా నాయన తువ్వాల భుజాన వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని నడిచాడు. బస్సు ఎక్కేముందు కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉండనీ పాపా" అన్నాడు. నేను వద్దనలేదు. ఇంకా చెప్పాలంటే, నేను అడగబోతున్నదే ఆయన ఇచ్చాడు. ఆ సాయంత్రమే నెంబరు మార్చి, నాకు తప్ప ఎవరికీ తెలియని నాలుగంకెలు పెట్టాను. డబ్బు ఇప్పుడు భద్రంగా ఉంది, కోడెల పిచ్చి కూడా మెల్లగా వదిలిపోతుందని లోపల సంతోషించాను.

వదిలింది కోడెల పిచ్చి ఒక్కటే కాదనిపించింది. నెల తిరక్కముందే అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయన సంతకు పోయేది మానుకున్యాడు. పొద్దున లేచి తువ్వాల భుజాన ఏసుకుంటాడు, గడప దాకా పోతాడు, మల్లా వచ్చి కూసుంటాడు. ఏం సేసినావే ఆయప్పను?" అంది.

నేనేం చేశాను, భాయ్ అన్నాడు గానీ, అని మొదలుపెట్టాను. అమ్మ వినిపించుకోలేదు. "అద్దం ముందర నిలబడి మోచెయ్యి సూసుకుంటాండాడు" అంది. ఆ మాటకు కూడా ముందు నవ్వే వచ్చింది నాకు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు మనసు బాగాలేదు. ఆయన దగ్గర నేను కాపాడింది ఏమిటో, తీసేసుకుంది ఏమిటో ఆలోచించాను. అయినా కార్డు తిరిగి ఇవ్వాలని అనిపించలేదు. నాది మంచి పనే అని గట్టిగా నమ్మాను.

పత్తి సీజన్ మొదలైంది. గేటు బయట లారీలు, లోపల దూది దుమ్ము, బల్ల మీద చీటీల కట్టలు. అలాంటి ఒక మధ్యాహ్నం, అమ్మ పంపిన సజ్జరొట్టెలు ఇచ్చి పోదామని నాయన మిల్లుకి వచ్చాడు. ఆఫీసులో బెంచీ మీద కూర్చున్నాడు. నా ఫోన్ మోగింది.

బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నాడు అవతలి మనిషి. తెలుగు మర్యాదగా ఉంది. మీ నాన్నగారి ఖాతా, ఆయన పేరు ఇది, ఊరు ఇది అని వాడే చెప్పాడు. కాగితాలు సరిగా లేవు, ఈ రోజు నాలుగింటికి కార్డు ఆగిపోతుంది, ఖాతా కూడా ఆగుతుంది, మళ్ళీ తెరిపించాలంటే పెద్దాయనే కర్నూలుకి రావాలి అన్నాడు. గోడ గడియారంలో నాలుగుకి పది నిమిషాలు తక్కువ. గేటు దగ్గర లారీ డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. మోకాళ్ళ నొప్పులతో నాయన కర్నూలు బస్సు ఎక్కడం నా కళ్ళ ముందు కనబడింది. సంచిలోంచి కార్డు తీశాను. మీద ఉన్న అంకెలు చదివాను. వెనక ఉన్న మూడు అంకెలు చదివాను. మీ ఫోన్‌కి ఆరంకెల నెంబరు వస్తుంది చెప్పండి మేడం, తొందరగా, టైమైపోతోంది అన్నాడు. వచ్చింది. చదవడం మొదలుపెట్టాను.

ఇవన్నీ చెప్పగూడదని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇదే బల్ల దగ్గర నిలబడి చెప్పాను. ఆ నిమిషంలో వాటిలో ఒక్క మాట కూడా నాకు గుర్తు రాలేదు.

నాలుగో అంకె చెప్పాను. నా చేతి మీద ఏదో మెత్తగా పడింది. చూస్తే తువ్వాల. దాని కింద నాయన చెయ్యి నా మణికట్టుని నొక్కింది. ఎంత గట్టిగా నొక్కాడంటే గాజు చర్మంలో దిగింది.

ఈ బేరం వద్దు. లేచి పద.

ఆలోచించలేదు. చిన్నప్పుడు నేర్చిన ఎక్కం లాగా, చెయ్యి తనంతట తానే ఫోన్ కట్ చేసింది.

తర్వాత అరగంట నాకు సరిగా గుర్తులేదు. బ్యాంకు నెంబరుకి ఫోన్ చేసి కార్డు ఆపించాను. ఖాతాలోంచి ఒక్క రూపాయి పోలేదని తేలింది. నీళ్ళు తాగాను.  

"నీకెట్ల తెలిసింది నాయనా?" అన్నాను.

"నాకేం తెల్సు పాపా? ఫోన్లో ఎవుడో ఏందో నాకేం తెల్సు? నువ్వు నెంబర్లు బయటికి సదువుతాండావు. వాడు నిన్ను ఊపిరి తీసుకోనిస్తా ల్యాడు. ఎద్దు పండ్లు సూడనీకుండా అమ్మేటోడు అట్లనే సేస్తాడు. పొద్దుగూకుతాంది, ఇంగొకడు వస్తాండాడు, ఇప్పుడే సెప్పు అంటాడు" అన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నా కోడెలు పోయినాయనుకున్యా" అన్నాడు.

అప్పటికి గానీ నాకు తెలియలేదు, కోడెలు ఆయన మనసులోంచి ఒక్క రోజు కూడా పోలేదని. దొంగల నుంచి కాపాడతానని తీసుకున్న కార్డుని దొంగ చేతిలో పెట్టబోయింది నేను. చాలా సిగ్గుపడ్డాను. ఆ శనివారం ఆడవాళ్ళ వెంట ఏటీఎంకి పోతూ ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదామ్మా అని వాళ్ళే అడిగారు.

కొత్త కార్డు వచ్చింది. ఎమ్మిగనూరు పోయి ఆయన చేతిలో పెట్టాను. నెంబరు ఆయనే పెట్టుకున్నాడు, బ్యాంకులో ఒక పంతులమ్మ లాంటి పిల్ల ఓపికగా దగ్గరుండి మిషన్ వాడటం నేర్పింది. నెంబరు ఎంత అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ వారమే సంతకు పోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

జాతర వచ్చింది. సెలవు పెట్టి పోయాను. మైదానం నిండా ఎద్దులు. నాయన రెండు రోజులు తిరిగి, మూడో రోజు పొద్దున తుగ్గలి వైపు నుంచి వచ్చిన ఒక కోడెల జతను పట్టాడు. తెల్లవి, ఇంకా పాలపండ్లే. సాయంత్రంలోపు బయానా ఇస్తేనే జత నిలబడుతుంది. అమ్మేవాడికి ఫోన్ డబ్బు పనికిరాదు, నోట్లే కావాలి. ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు ఆ కోడెల చుట్టూ తిరుగుతున్నారు.

దగ్గరలో ఉన్న ఏటీఎంకి పోతే అక్కడా జాతరే. లైనులో అందరూ ఎద్దులవాళ్ళే, చేతిలో ఎద్దులను తోలే చండ్రకోలలు, భుజాన తువ్వాళ్ళు. మా వెనక నాలుగో మనిషి భాయ్. నాయన ఆయన్ని చూసి తల పంకించాడు, అంతే. మా వంతు వచ్చాక నేను పక్కకు జరిగాను.

నాయన కార్డు పెట్టాడు. తువ్వాల తీసి మీటల మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టాడు. మోచెయ్యి డొక్కకి కరుచుకుని ఉంది. అద్దం ముందు ఏం సాధన చేశాడో అప్పుడు అర్థమైంది. ఇంత వయసు వచ్చాక ఆ మోచెయ్యిని లేవనీకుండా నేర్చుకున్నాడు. బిగబట్టిన చేత్తో, కనబడని మీటలు నాలుగు నొక్కాడు. మిషన్ తప్పు అంది.

మళ్ళీ నొక్కాడు. మోచెయ్యి ఇంకా బిగించాడు. మెడ నరం తేలింది. మళ్ళీ తప్పు.

మూడోసారి తప్పితే కార్డు ఆగిపోతుంది. ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పింది నేనే, నాయనకూ చెప్పాను. ఆయన తువ్వాల సర్ది మళ్ళీ మీటల మీద కప్పాడు. తువ్వాల తీసెయ్ నాయనా అందామనుకున్నాను. నాకు చెప్పు, నేను నొక్కుతా అందామనుకున్నాను. ఆ మాట అన్న తర్వాత ఆయన మళ్ళీ సంతకు పోతాడా? నోరు మూసుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి లేదు.

లైనులో ఎవరూ గొణగలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

"అన్నా" అన్నాడు భాయ్ వెనకనుంచి. "మోచెయ్యి వదిలెయ్. మేం సూడములే."

నేను వెనక్కి చూశాను. భాయ్ అప్పటికే రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన ముందున్న వాళ్ళు తిరిగారు. వెనకున్న వాళ్ళూ తిరిగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చండ్రకోలలు పట్టుకుని లైను మొత్తం ఏటీఎంకి వీపు పెట్టి, పోయే ఆటోలను చూస్తూ నిలబడింది.

నేనూ తిరిగాను. కాసేపటికి వెనకాల మిషన్ నోట్లు లెక్కబెడుతున్న చప్పుడు వినబడింది.